జ్యోతి బరువు, నా కడుపుమంట

2022 అక్టోబరు. భద్రాచలంలో బస్టాండుకు దగ్గర్లోని ఒక ప్రైవేటు దవాఖానాలో నేను డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. ఎవరు ఏం తినాలో, ఎంత తినాలో చూసి కాగితం మీద రాసివ్వడం నా పని. ఆ కాగితాన్ని డైట్ చార్ట్ అంటాం. అప్పటికి ఈ పనిలో పందొమ్మిదేళ్ళు గడిచాయి. షుగరు వాళ్ళు, బీపీ వాళ్ళు, మోకాళ్ళు అరిగినవాళ్ళు, ఎక్కువమంది బరువు తగ్గాలని వచ్చేవాళ్ళే. నేను కాస్త ఒళ్ళున్న మనిషిని కాబట్టి, చార్టు చేతికి తీసుకుని నన్నోసారి కిందికీ పైకీ చూసి వెళ్ళేవాళ్ళు. అది నాకు అలవాటైపోయింది.

అలవాటు కానిది వాణి. ఆ ఎండాకాలంలోనే మా దవాఖానాలో ఫిజియోథెరపిస్టుగా చేరింది. ఖమ్మం పిల్ల, ఇరవై ఏడేళ్ళు. నా గదికీ ఆమె గదికీ మధ్య ప్లైవుడ్ చెక్క ఒక్కటే అడ్డం. అటునుంచి పొద్దస్తమానం నవ్వులు వినిపించేవి. నడుము పట్టేసి మూలుగుతూ వచ్చిన ముసలమ్మ కూడా ఆ గదిలోకి వెళ్ళిన కాసేపటికి నవ్వేది. నన్ను అందరూ మేడమ్ అనేవాళ్ళు, ఆమెను మాత్రం వాణక్క అనేవాళ్ళు. ఆమె కంటే పదేళ్ళు పెద్దవాళ్ళకు కూడా ఆమె అక్కే. అడవి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళ దగ్గర నాలుగు కోయ మాటలు కూడా నేర్చుకుంది. దాచడమెందుకు, నాకు కడుపు మండేది. పందొమ్మిదేళ్ళలో నాకెవరూ ఒక్క మాట నేర్పలేదే అనుకునేదాన్ని. నేనెప్పుడూ అడగలేదన్న సంగతి అప్పట్లో తట్టలేదు.

అలాంటి రోజుల్లో జ్యోతి వచ్చింది. మణుగూరు దగ్గర అడవి అంచున ఉన్న ఒక కోయ ఊరు వాళ్ళది. ఇరవై మూడేళ్ళ పిల్ల. ఐదడుగులకు కాస్త తక్కువ ఎత్తు, ముప్పై ఆరు కిలోల బరువు. వాళ్ళ నాన్న బొగ్గు గనిలో పనిచేస్తూ నడుము దెబ్బతిని ఇంటిపట్టున పడ్డాడు. ఆయన ఉద్యోగం పిల్లల్లో ఒకరికి వస్తుంది. ఇంట్లో పిల్ల ఈమె ఒక్కతే. అన్ని కాగితాలూ సరిపోయాయి కానీ మెడికల్ పరీక్షలో బరువు దగ్గర ఆగిపోయింది. ఆరు నెలలు గడువిచ్చి, ఏప్రిల్ చివర్లో మళ్ళీ రమ్మన్నారు. అప్పటికి నలభై ఒక్క కిలోలు ఉండాలి. లేకపోతే ఆ ఉద్యోగం పోయినట్టే, మళ్ళీ అడగడానికి ఉండదు. మంచం మీదున్న తండ్రి, కూలికి వెళ్ళే తల్లి, అందరి బతుకూ ఆ ఐదు కిలోల మీద ఆగింది.

మా పెద్ద డాక్టరు గారు ముందు టీబీ, థైరాయిడ్, నులిపురుగులు అన్నీ పరీక్ష చేయించారు. రోగం ఏమీ లేదు, చాలినంత తిండి లేదు, అంతే. తిండి సంగతి నాకు, కసరత్తు సంగతి వాణికి అప్పగించారు. బరువు పెరగడానికి కసరత్తు ఎందుకని చాలామంది అడుగుతారు. ఒంటికి రోజూ ఖర్చయ్యేదాని కంటే కాస్త ఎక్కువ తింటే బరువు పెరుగుతుంది. దాన్ని కాలరీ సర్‌ప్లస్ అంటాం. ఊరికే కూర్చుని తింటే ఆ ఎక్కువంతా కొవ్వుగా పేరుకుంటుంది. కండకు పని చెబితే అందులో మంచి భాగం కండకు పోతుంది. పుస్తకంలో ఉన్న ముక్కే, నాకూ తెలుసు. అయినా ఒకే పేషెంటును ఇద్దరం పంచుకోవాలంటే ప్రాణం ఒప్పలేదు.

జ్యోతికి చార్టు రాసిన రోజు నా తెలివికి నేనే మురిసిపోయాను. వాళ్ళ ఊళ్ళలో చాలా ఇళ్ళలో పాలు తాగరని, అవి దూడవని వదిలేస్తారని నాకు తెలుసు. అందుకని పాలు రాయలేదు. డబ్బాల్లో అమ్మే పొడుల జోలికీ పోలేదు. పొద్దున బెల్లం వేసిన జొన్న జావ, గుప్పెడు వేరుశనగలు, సాయంత్రం గుడ్డు. మధ్యాహ్నం, రాత్రి అన్నంలోకి చిక్కుడు గింజలు, గిన్నె నిండా. ఇంటి దడి మీద చిక్కుడు తీగ ఉందని, విరగకాస్తుందని ఆమే చెప్పింది. చార్టుకు అదే వెన్నెముక. ఇంటి ముందరి తిండితోనే బరువు పెంచి చూపిస్తానని డాక్టరు గారితో గొప్పగా అన్నాను కూడా.

వాణి జ్యోతికి ఇంట్లో చేసుకునే స్ట్రెంగ్త్ ట్రైనింగ్ నేర్పింది. పీట మీద కూర్చుని లేవడం, గోడకు చేతులానించి ఒంటిని వంచి లేపడం, బియ్యం సంచిలో ఐదు కిలోల ఇసుక పోసి నడుము నిటారుగా ఉంచి ఎత్తి దించడం. రోజు విడిచి రోజు. వారానికోసారి ఆ సంచిలో రెండు దోసిళ్ళ ఇసుక ఎక్కువ పోయాలి. ఇలా కొద్దికొద్దిగా బరువు పెంచుకుంటూ పోవడాన్ని ప్రోగ్రెసివ్ ఓవర్‌లోడ్ అంటారు. చెక్క అవతల వాళ్ళిద్దరూ లెక్కపెడుతూ నవ్వుకుంటుంటే, ఇవతల నేను షుగరు పేషెంటుకు అరటిపండు ఎందుకు వద్దో చెబుతూ ఒక చెవి అటే పెట్టేదాన్ని.

మొదటి నెల కిలో రెండు వందల గ్రాములు పెరిగింది. నా చార్టు పనిచేస్తోందని అందరికీ చెప్పుకున్నాను. జ్యోతి మాత్రం సంచి ఎత్తడం మొదలుపెట్టినప్పటి నుంచి బాగా ఆకలవుతోందని, వాణక్క వల్లే అని డాక్టరు గారి ముందే అనేసింది. ఆ రోజు ఇంటికెళ్ళి మా ఆయన మీద అకారణంగా విరుచుకుపడ్డాను.

డిసెంబరులో తూకం ముల్లు కదల్లేదు. జనవరిలో రెండు వందల గ్రాములు తగ్గింది కూడా. చార్టు ప్రకారం తింటున్నావా అని అడిగితే, "అవ్ మేడమ్, తింటున్న," అని తలూపింది. నేను ఫైలులో అదే రాసుకున్నాను. మా పనిలో ట్వెంటీఫోర్ అవర్ రీకాల్ అని ఒకటుంది. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఈ పొద్దుటిదాకా ఏమేం నోట్లో పెట్టుకున్నారో ఒక్కొక్కటీ చెప్పించడం. చదువుకునేటప్పుడు మొదట నేర్పేది అదే. జ్యోతికి నేను ఒక్కసారి కూడా చేయలేదు. నా చార్టు మీద నాకంత నమ్మకం.

వాణి ఒకరోజు నా గదికి వచ్చి, జ్యోతి సంచి ఎత్తేటప్పుడు చేతులు వణుకుతున్నాయని, తిండి సరిగా అందుతోందో లేదో ఒకసారి చూస్తారా అని నెమ్మదిగా అడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మొన్న వచ్చిన పిల్ల నా పని నాకు నేర్పుతుందా అనుకున్నాను. ఆ మంటలోనే, మరుసటి వారం జ్యోతి వచ్చినప్పుడు ఒక పని చేశాను. నీ తిండంతా ఆ సంచికే ఖర్చయిపోతోంది, అందుకే బరువు పెరగడం లేదు, ఇక కసరత్తు ఆపెయ్ అని చెప్పాను. చార్టు కింద ఎర్ర పెన్నుతో రాసి గీత కూడా గీశాను. వారానికి మూడు రోజులు అరగంట చొప్పున చేసే కసరత్తుకు బరువు పెరగడం అలా ఆగిపోదని నాకు తెలుసు. తెలిసే రాశాను. జ్యోతి ఆ ఎర్ర గీత వంక కాసేపు చూసి, సరే మేడమ్ అని వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి జ్యోతి వాణి గదికి పోవడం మానేసింది. చెక్క అవతల జ్యోతి నవ్వు వినిపించకపోతే నాకు హాయిగా ఉండేది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ హాయిగానే ఉండేది.

ఫిబ్రవరి మొదటి వారం. మధ్యాహ్నం పేషెంట్లు తగ్గాక వాణి వచ్చి తలుపు దగ్గరగా వేసి కూర్చుంది. జ్యోతి బస్టాండులో కనబడిందట. ఇద్దరూ బెంచీ మీద కూర్చుని మాట్లాడుకున్నారట. నిన్న అన్నంలోకి ఏం తిన్నావని వాణి మాటవరసకు అడిగిందట. చింతపండు చారు, పచ్చిమిరపకాయ నూరిన తొక్కు అని చెప్పిందట.

"మేడమ్, వాళ్ళ ఊళ్ళె ఇంక చిక్కుడు కొత్త కాలేదంట," అంది వాణి. "పండుగ అయ్యేదాంక తీగ మీద కాయ ఒక్కటి గూడ ముట్టరంట."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. కోయ ఊళ్ళలో కొత్తగా వచ్చిన పంట ఏదైనా ముందు వేల్పులకు పెట్టి పండుగ చేసుకుంటారు. అయ్యాకే నోట్లో పెడతారు. పచ్చి చిక్కుళ్ళకూ అంతే, మామిడికాయకూ అంతే. ఆ పండుగ ఎప్పుడన్నది ఊరి పూజారి చెబుతాడు. జ్యోతి వాళ్ళ ఊళ్ళో పూజారి ఇంట్లో చావు జరిగి పండుగ వెనక్కి పోయింది. మొదటి నెలంతా ఇంట్లో మిగిలిన పాత పెసలు వండుకుని నెట్టుకొచ్చింది, అందుకే ఆ కిలో పెరిగింది. పెసలు అయిపోయాక అన్నంలోకి చారే గతి. నేను గొప్పగా చెప్పుకున్న వెన్నెముక కాగితం మీదే ఉంది, ఆమె పళ్ళెంలోకి ఒక్క పూట కూడా రాలేదు.

ఈ సంగతి వాణి డాక్టరు గారి ముందు చెప్పొచ్చు. నర్సుల ముందు చెప్పొచ్చు. తలుపు వేసి నాకొక్కదానికే చెప్పింది. దాంతో ఆమె మీద కోప్పడే వీలు కూడా లేకుండా పోయింది. అది ఇంకా మండింది.

జ్యోతిని పిలిపించాను. నాకెందుకు చెప్పలేదని అడిగాను. "మీరు మంచిగ ఆలోచించి రాసిన్రు, కాదనబుద్ధి కాలే," అంది. "పండుగ ఈ వారం అయితది, వచ్చే వారం అయితది అనుకుంటనే ఉన్న." మా తాతలు కోస్తా నుంచి వచ్చి ఏన్కూరు దగ్గర భూములు కొన్నారు. అడవి అంచునే పుట్టి పెరిగినదాన్ని. కొత్తల పండుగ పేరు చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. చార్టు రాసేటప్పుడు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

ఆ రోజు మొదటిసారి ఆమెతో రీకాల్ చేయించాను. గంట పట్టింది. పాత చార్టు చింపేసి ఇద్దరం కలిసి కొత్తది రాశాం. అంగట్లో దొరికే నిరుటి పంట కందిపప్పు, ఉలవలు, సంతలో కొనే ఎండు చేపలు, రోజుకు రెండు గుడ్లు, పగలు రెండుసార్లు పల్లీ బెల్లం ఉండ. ఒకేసారి ఎక్కువ తినలేదు కాబట్టి మూడు పూటలను ఐదు పూటలు చేశాం. ఆఖరున, ఆ ఎర్ర గీత మాట మర్చిపో, వాణి దగ్గరికి వెళ్ళి కసరత్తు మళ్ళీ మొదలుపెట్టు అన్నాను. ఎందుకు ఆపమన్నానో చెప్పలేదు. చెప్పే ధైర్యం లేకపోయింది.

చేతిలో పన్నెండు వారాలు. వారానికి పావుకిలో నుంచి అరకిలో దాకా పెరిగింది. ఒక్కో వారం ముల్లు కదలకపోతే నాకు అన్నం సయించేది కాదు. పోగొట్టిన ఆ నెల ఉంటే ఇంత గాభరా ఉండేది కాదు కదా అని లోలోపల కుళ్ళిపోయేదాన్ని. పరీక్షకు ముందు శనివారం నలభై ఒకటి మీద మూడు వందల గ్రాములు చూపించింది. దొరసానిలా నిలబడి మెషీను దిగింది జ్యోతి. పరీక్షలో ఫిట్ అన్నారు. ఆ కబురు ముందు వాణికే ఫోన్ చేసి చెప్పింది. చెక్క అవతల వాణి చప్పట్లు వినిపించి నాకు తెలిసింది.

జూన్‌లో, ఉద్యోగంలో చేరాక ఒకరోజు దవాఖానాకు వచ్చింది జ్యోతి. భుజాలు విచ్చుకున్నాయి, మెడ దగ్గర ఎముకలు కనబడడం లేదు. ముందు నా గదికే వచ్చిందని సంబరపడ్డాను. ఇక మొహమాటపడే వయసు కాదనుకుని, జనవరిలో కసరత్తు ఆపమనడం నా తప్పేనని, దానివల్ల నీకో నెల పోయిందని చెప్పేశాను. ఆమె కంగారుగా తలుపు వైపు చూసింది.

"మేడమ్, ఏమనుకోవద్దు. నేను ఆపలే," అంది. "ఇంటికాడ చేసుకుంటనే ఉన్న. వాణక్కకు గూడ చెప్పలే. చెప్తె మీ ఇద్దరికి పంచాయితీ అయితదని."

చాలీచాలని తిండితో చేతులు వణుకుతున్నా ఆ నెలంతా సంచి ఎత్తింది ఆ పిల్ల. నా కుళ్ళు మా ఇద్దరికే తెలుసనుకున్నాను, నాకూ దేవుడికీ. ఎర్ర గీత గీసిన రోజే ఆమెకు అర్థమైంది. అర్థమయ్యీ నా పరువు కాపాడింది.

ఈ కేసు తర్వాత నిన్న ఏం తిన్నావని అడగకుండా ఎవరికీ చార్టు రాయలేదు. అడవి ఊరి మనిషైతే మీ ఊళ్ళో ఏ కొత్త అయింది, ఏది కాలేదు అని కూడా అడుగుతాను. అది నేర్చుకోవడం తేలికే. రెండోది, ఈ కడుపుమంట సంగతి, అంత తేలిక కాలేదు. వాణి ఇప్పటికీ పక్క గదిలోనే ఉంది. ఎవరైనా నా తలుపు తోసి వాణక్క గది ఏదని అడిగితే లోపల చురుక్కుమంటూనే ఉంటుంది. చెయ్యి చాపి చూపిస్తాను. తర్వాత ఆ మంటలో మళ్ళీ ఏమీ రాయకుండా, అది చల్లారేదాకా పెన్ను కింద పెట్టి, ఎదురుగా ఉన్న పేషెంటును రెండు నిమిషాలు కూర్చోమంటాను.