అక్కడ బెబింగ్ అనొద్దు

ఫిలిప్పీన్స్‌లోని గింబాల్‌ బడి గేటు దగ్గర ఇరవై ఏళ్ళుగా కొబ్బరాకుల్లో చుట్టి ఉడికించిన తీపి అన్నపు పొట్లాలు అమ్మే బెబింగ్‌కు ఊరికి పదిమందికుండే ఆ ముద్దుపేరు కాక హెర్మీనియా అనే పేరొకటుందని గుర్తున్నవాళ్ళు ఊళ్ళో ముగ్గురే. జ్ఞానస్నానమిచ్చిన ఫాదరు, కన్నతల్లి, ఒకటో తరగతిలో హాజరు పిలిచిన పిన్ని తియా పురా. ఓడ ఇంజన్లు బాగుచేస్తూ వచ్చి, ఆమెను పెళ్ళాడి ఏడేళ్ళుగా అక్కడే ఉండిపోయిన డేనిష్ భర్త ఆండర్స్‌కు ఆ పేరు నోరే తిరగదు.

ఇప్పుడాయన గుండె కవాటం చెడింది. గురువారం డెన్మార్క్‌లో ఆపరేషన్. ఒంటరిగా పంపి ఇక్కడ కూర్చోవడం బెబింగ్ వల్ల కాదు. కానీ విదేశీ భర్తతో మొదటిసారి బయల్దేరే ఆడవాళ్ళను మనీలా విమానాశ్రయంలో భర్త నుంచి వేరుచేసి మరీ, పెళ్ళి నిజమేనా అని అడుగుతారు. జవాబులు కలవకపోతే ఇంటికే. పక్కవీధి లోలిత్ అలా పెట్టెతో తిరిగొచ్చి నెల్లాళ్ళు గుమ్మం దాటలేదు.

అందుకే తియా పురా స్కేలు పట్టుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చుంది.

"భార్య పేరు?"

"బెబింగ్," అన్నాడు ఆండర్స్.

స్కేలు బల్ల మీద ఠప్పుమంది. "మళ్ళీ అదేనా! పాస్‌పోర్టులో బెబింగ్ ఉందటయ్యా? చచ్చినా అక్కడ ఆ పేరెత్తకు. హె-ర్మీ-ని-యా. పదిసార్లు అను."

గిన్నెలు తోముతున్న తల్లి నవ్వింది. "వదిలెయ్యవే పురా. గుండెజబ్బు మనిషి, ఆ పేరు పూర్తయ్యేలోపే పోయేట్టున్నాడు."

"నానయ్! అవేం మాటలమ్మా?" బెబింగ్ గబగబా సిలువ గుర్తు వేసుకుంది.

పెళ్ళి ధ్రువపత్రం, విదేశీ భర్తలున్నవాళ్ళకు ప్రభుత్వం చెప్పే పాఠానికి వెళ్ళొచ్చిన కాగితం, ఆసుపత్రి ఫైలు ఒక సంచిలోకి చేరాయి. ఫోటోలు మాత్రం తియా పురాయే ఏరింది. పెళ్ళినాడు వీధికి అడ్డంగా కట్టిన పెద్ద బ్యానరు కింద తీసిన ఫోటో పక్కన పడేసింది.

"ఆండర్స్‌ని 'ఆండ్రెస్' అని అచ్చేశాడు ఆ దరిద్రుడు. పరువు పోతుంది."

"దేవుడికి అక్షరదోషాలతో పనేముంది?" అంటూ తల్లి ఆ ఫోటో తీసి కూతురి ప్రార్థన పుస్తకంలో దూర్చింది.

సోమవారం పొద్దున విమానాశ్రయంలో ఆండర్స్‌ను ఆ చివరికి, బెబింగ్‌ను ఈ చివరికి పంపారు. ఆమె చెప్పాల్సినవన్నీ తడబడకుండా చెప్పింది. ఆ చివర అధికారిణి ఆసుపత్రి ఫైలు తిప్పుతూ ఏదో అడుగుతోంది. ఆండర్స్ నోరు విప్పడం లేదు. చెమట తుడుచుకుంటున్నాడు. 'మాత్ర వేసుకున్నాడో లేదో' అనుకుంది బెబింగ్. లోపల్లోపల మేరీమాతను పిలిచింది.

అధికారిణి ఫైలుతో ఆమె దగ్గరికే వచ్చింది. గొంతు తగ్గించి, జాలిగా అంది.

"ఏమనుకోకమ్మా. అత్యవసరమైతే ఎవరికి చెప్పాలన్నచోట మీ ఆయన బెబింగ్ అని రాశాడు. ఎవరంటే చెప్పడు. ఆవిడ సంగతి నీకు తెలుసా?"

"అయ్యో, నేనే మేడం బెబింగ్‌ని!"

"అతను కాదనీ అనడం లేదు, అవుననీ అనడం లేదే. నేనెలా నమ్మను?"

విమానం ఎక్కమని మైకులో పిలిచారు. బెబింగ్ సంచి బోర్లించింది. ప్రార్థన పుస్తకం నేలమీద పడి తెరుచుకుంది. ఫోటో బయటికి జారింది.

అధికారిణి కళ్ళజోడు సర్దుకుని ఫోటోలోని బ్యానరు చదివింది. "బెబింగ్, ఆండ్రెస్ దంపతులకు శుభాకాంక్షలు." తలెత్తింది. "మరి ఈ ఆండ్రెస్ ఎవరు?"

"అచ్చు వేసినవాడి తప్పు మేడం! మొహం చూడండి, ఈయనే కదా!"

ఆవిడ పెదవి బిగబట్టింది కానీ నవ్వు ఆగలేదు. "ఇంట్లో నన్నింకా గర్లీ అనే పిలుస్తారు. వచ్చే నెల యాభై రెండు నిండుతాయి." స్టాంపు ఠప్పుమంది, తియా పురా స్కేలులాగే.

"నోరు తెరిచి చెప్పొచ్చుగా!" అంది బెబింగ్, భర్తను కలవగానే.

"తియా చచ్చినా చెప్పొద్దంది."

తిట్టే తీరిక లేదు. విమానం తలుపు మూయకుండా ఆపమని చెప్పడానికి ఆమె ముందు పరుగెత్తింది. వెనక ఆండర్స్ ఆయాసపడుతూ గొంతెత్తాడు.

"బెబింగ్!"

ఆ హాల్లో ముగ్గురు ఆడవాళ్ళు వెనక్కి తిరిగారు. వాళ్ళలో ఒకావిడ నవ్వేసి, ఆయన భుజాన ఉన్న సంచి అందుకుని, "పదండి, మీ బెబింగ్ అదుగో," అంటూ పక్కన నడిచింది.