మొప్ప ఎత్తి చూడనిదే

వట్లూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో పనిచేసేవాణ్ణి. ఆ బ్రాంచిలో పిల్లలు చేరడం మానేశారు, నన్ను ఇంటికి పంపించారు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టున్న మా అన్నయ్య వెంటనే ఫోన్ చేశాడు.

"రెండు నెలలు చూడరా. ఏదీ కుదరకపోతే వచ్చేసి నా కొట్టు చూసుకో" అన్నాడు.

అన్నయ్య మంచివాడే. కానీ ఆయన దగ్గర నిలబడితే, యాభై ఏళ్ళు దాటినవాణ్ణి కాస్తా నిక్కరేసుకున్న తమ్ముడినైపోతాను. కాబట్టి ఏం వ్యాపారం పెట్టినా సరే, రెండు నెలల్లో నిలబడాలి.

ఆలోచించగా ఆలోచించగా చేపలు తట్టాయి. కొల్లేరు పక్కన పెట్టుకుని ఇంకేం కావాలి? శుభ్రం చేసి, ముక్కలు కోసి, ట్రేలో పెట్టి ఇంటికే ఇచ్చేస్తే! చదువుకున్నవాణ్ణి కదా, ముందు సర్వే చేశాను. ఏలూరులో మా వీధిలో గడప గడపకీ వెళ్ళి, ఇలాంటివి తెస్తే కొంటారా అని అడిగాను.

"ఎందుక్కొనమండీ, తప్పకుండానండీ!"

"ఎంత మంచి ఆలోచనండీ! ఇన్నాళ్ళూ ఎవరికీ తోచలేదు చూడండి."

చివరింటి రిటైర్డ్ మాస్టారైతే నన్ను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి మరీ మెచ్చుకున్నారు. ఆయన అసలు చేపలే తినరని తర్వాత తెలిసింది.

ఇంటి ముందు గదిలోనే కొట్టు తెరిచాను. వీధంతా వచ్చింది. ఎదురింటావిడ ట్రేని అటూ ఇటూ తిప్పి చూసి, "మొప్పలేవండీ?" అంది.

"శుభ్రం చేసేశామండీ."

"మొప్ప ఎత్తి ఎరుపు చూడకపోతే, ఇది ఇవాళ్టిదో మొన్నటిదో ఎలా తెలుస్తుందండీ?"

వెనకావిడకి ఇంకో అనుమానం వచ్చింది. "తలకాయ ఎవరికిచ్చారండీ?"

అందరూ చాలా బాగుందన్నారు. ఒక్కరూ కొనలేదు. వారం రోజులు పొద్దున పులుసు, సాయంత్రం వేపుడు, మేమే తిన్నాం. ఆఖరికి మా ఆవిడ నోరు విప్పింది. ఆవిడది కలిదిండి, చేపల చెరువుల మధ్య పుట్టింది.

"మొప్ప ఎత్తకుండా చేప కొన్నవాళ్ళని మా ఊళ్ళో నేను చూళ్ళేదండీ."

"మరి ముందే చెప్పొద్దూ?"

"మీరంత ముచ్చటపడి చెబుతుంటే, కాదని ఎలా అంటానండీ?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను చేసింది సర్వే కాదు, ఊరి మర్యాద కొలిచాను. ఇక మూటాముల్లె సర్దుకోవడమే అనుకుంటుండగా, ఎదురింటావిడ గోనెసంచి పట్టుకుని వచ్చింది. సంచి కదులుతోంది.

"ఏవండీ, చెరువులో చేపలు పట్టారని మా తమ్ముడు కొర్రమీను తెచ్చాడండీ. మా కోడలు దాన్ని చూసి గదిలోకెళ్ళి తలుపేసుకుంది. నాకేమో నడుం వంగదు. కాస్త ముక్కలు చేసి పెడతారా?"

మా ఆవిడ కొంగు బిగించి కత్తిపీట ముందు కూర్చుంది. బూడిద రాసి, జిగురంతా పోయేలా రాతి మీద రుద్ది, పది నిమిషాల్లో ముక్కలు చేసి, తలకాయ విడిగా కట్టి ఇచ్చింది. మర్నాడు ఇద్దరొచ్చారు. ఏలూరులో చెరువుల వైపు చుట్టాల్లేని ఇల్లు తక్కువ. చేపలైతే వస్తాయి, కోసేవాళ్ళే లేరు. నేను బోర్డు మార్పించాను: మీ చేప తెండి, బాగు చేసి ఇస్తాం. మా ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నాను. మొదటి వారం చేపకన్నా నా వేళ్ళే ఎక్కువ తెగాయి.

రెండో నెల ఆఖరి ఆదివారం అన్నయ్య వచ్చాడు. చేతిలో ఎవరో ఇచ్చిన శీలావతి చేప ఉంది. అప్పటికే నలుగురు సంచులతో నిలబడి ఉన్నారు. ఆయనా వాళ్ళ వెనక నిలబడ్డాడు. తన వంతు వచ్చాక, చేప అందుకుంటూ తల ఎత్తకుండానే చెప్పేశాను.

"ఇంక నేను రాలేనన్నయ్యా."

తిడతాడనుకున్నాను. ఆయన కొంచెంసేపు నేను పొలుసులు తియ్యడం చూశాడు.

"బాగుందిరా. నిజంగానే బాగుంది" అన్నాడు. మళ్ళీ తనే, "నీకు ఉక్కపోతంటే పడదు కదా. వస్తావని నా పక్కన ఇంకో ఫ్యాను బిగించాను" అన్నాడు.

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రెండు చేతులూ చేప జిగురే, తుడుచుకోవడానిక్కూడా వీల్లేదు.