రెండు డ్రైనేజీలు

అమలాపురంలో లంక భూముల నీటి మండలి కార్యాలయానికి ఏ కాగితం వచ్చినా ముందు సత్యదుర్గ చేతిలోనే పడేది. రికార్డు విభాగంలో ఆమెది తపాళ్ల సీటు. భర్త అదే ఆఫీసులో పనిచేస్తూ కామెర్లతో పోతే, కారుణ్య నియామకం కింద ఆమెకు ఉద్యోగం ఇచ్చారు. పుట్టిల్లు ముమ్మిడివరం అవతల రేవు ఒడ్డున. తండ్రి పడవ నడిపేవాడు. ఆఫీసంటే ఏమిటో తెలియకుండానే ఆఫీసులో అడుగుపెట్టిన మనిషి.

అయినా పని తొందరగానే పట్టుబడింది. కవరు చింపడం, ముద్ర కొట్టడం, నంబరు వేయడం, ఏ సెక్షను కాగితాలు ఆ సెక్షనుకు విడదీసి పై అంతస్తుకు మోసుకెళ్లడం. ఇచ్చేటప్పుడు మనిషి మొహం చూసి ఇచ్చేది. కొందరు తల ఎత్తకుండానే "అక్కడ పెట్టండి" అనేవారు. కొందరు విసుక్కునేవారు. విసుక్కున్నా సరే, కాగితం ఒకరి బల్ల మీద ఉందన్న సంగతి ఆమెకు తెలిసేది. అది చాలు, సాయంత్రం ఆటో ఎక్కేటప్పుడు మనసు తేలిగ్గా ఉండేది.

తర్వాత కంప్యూటర్ విధానం వచ్చింది. ఆపరేటరు శారోన్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని ఓపిగ్గా నేర్పింది.

"కాగితం స్కాన్ చెయ్యండి. ఏ సెక్షనుకు వెళ్లాలో ఇక్కడ ఆ పేరు నొక్కండి. పంపేయండి. పచ్చ టిక్కు పడితే చేరిపోయినట్టే. కాగితం బీరువాలో పెట్టేసుకోండి. మీరింక మెట్లెక్కక్కర్లేదండీ."

"చేరిపోయినట్టంటే, ఎవరో చూసినట్టేనా అండీ?"

"చూడ్డం వేరండీ. చేరడం వేరు."

"మరి చూసేరో లేదో మనకెలా తెలుస్తుందండీ?"

శారోన్ నవ్వేసింది. "అది మన పని కాదుగా అండీ."

సత్యదుర్గ "ఆయ్" అంది గానీ, ఆ మాట ఆమెకు మింగుడు పడలేదు. కాగితం పక్కనున్న బీరువాలోనే ఉంది. మరి పైకి వెళ్లింది ఏమిటి? బొమ్మ. ఆ బొమ్మ ఎక్కడికి వెళ్లి కూర్చుంటుంది? అడిగితే నవ్వుతారని అడగలేదు. పచ్చ టిక్కులు పడుతూనే ఉన్నాయి. పై అంతస్తు వాళ్ల మొహాలు చూడటం తగ్గిపోయింది.

వానాకాలం వెళ్లాక వరహాలమ్మ అనే రైతు మనిషి ఆఫీసుకు వచ్చింది. సముద్రం వైపు ఉన్న ఊరు. ఆమె కొబ్బరితోట పక్కన ఎవరో రొయ్యల చెరువు తవ్వి, అందులోని ఉప్పునీళ్లను రాత్రికి రాత్రి, తోటలకు నీళ్లు పారే పంటబోదెలోకి వదిలేస్తున్నారు. ఆ సంగతే అర్జీ రాసి ఇచ్చింది. సత్యదుర్గ స్కాన్ చేసి డ్రైనేజీ సెక్షనుకు పంపింది. పచ్చ టిక్కు పడింది.

కొన్నాళ్లకు వరహాలమ్మ మళ్లీ వచ్చింది. "ఎవరూ రాలేదమ్మా," అంది.

"పంపేనండీ పిన్నిగారూ. చేరిందండి."

"ఎవరికి చేరిందమ్మా?"

"సెక్షనుకండీ," అంది సత్యదుర్గ.

మూడోసారి వచ్చినప్పుడు వరహాలమ్మ సంచిలోంచి ఒక సీసా తీసింది. "మా బోరు నీళ్లమ్మా. ఓ చుక్క నోట్లో వేసుకో." సత్యదుర్గ అరచేతిలో పోయించుకుని నాలికకు తగిలించింది. ఉప్పు. చిన్నప్పుడు రేవులో దిగితే నోట్లోకి వెళ్లే నీళ్ల రుచి. "ఈ నీళ్లకి పప్పు ఉడకట్లేదమ్మా. పిందె నిలవట్లేదు, రాలిపోతంది. మొన్నిచ్చిన కాగితం ఎవరి దగ్గరుందో చెప్తే ఆళ్ల కాళ్లే పట్టుకుంటాను."

సత్యదుర్గ లేచి చాలాకాలానికి మెట్లెక్కింది. డ్రైనేజీ పనులు చూసే ఇంజనీరు మమత కంప్యూటర్ ముందే ఉంది.

"ఆ ఊరి అర్జీయా? నాకేం రాలేదండీ సత్యదుర్గ గారూ."

"టిక్కు పడిందండీ."

"పడితే పడుండొచ్చు. నా దగ్గర లేదు, చూడండి." మమత తెర ఆమె వైపు తిప్పింది. నిజంగానే లేదు.

సత్యదుర్గ గాభరాగా కిందికి దిగింది. తానే తప్పు నొక్కిందా? డ్రైనేజీ అని చూసే నొక్కింది కదా. వరహాలమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి, బీరువాలోంచి అర్జీ తీసి, ఆమె కళ్ల ముందే మళ్లీ స్కాన్ చేసి పంపింది. టిక్కు పడగానే మమతకు ఫోన్ చేసింది.

"వచ్చిందా అండీ?"

"రాలేదు."

"ఇప్పుడే వెళ్లిందండీ. ఇంకోసారి చూడండీ, దయచేసి."

"చూస్తూనే ఉన్నానండీ. ఏం రాలేదు."

వరహాలమ్మ ఈమె మొహం చూస్తోంది, ఈమె తెర చూస్తోంది. పంపింది అబద్ధం కాదు, రాలేదన్నదీ అబద్ధం కాదు. ఇద్దరూ నిజమే చెబుతుంటే కాగితం మాయమెలా అవుతుంది?

శారోన్ వచ్చి, సెక్షన్ల పేర్లను పైనుంచి కిందికి జరుపుతూ ఒకచోట ఆగిపోయింది. "అయ్యో. రెండున్నాయండీ."

ఒకటి 'డ్రైనేజి'. ఇంకొంచెం కింద 'డ్రైనేజీ'. ఒకదానికి గుడి, ఒకదానికి గుడి దీర్ఘం. అంతే తేడా. సత్యదుర్గ మొదటి నుంచీ పైదే నొక్కుతోంది.

సూపరింటెండెంటు ఆంజనేయప్రసాద్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "ఆ పైది ఎవరిది?"

"జిల్లా విడిపోకముందు ఆఫీసుదండీ. ఆ సీటు ఎత్తేసేరండి."

"ఎత్తేసిన సీటుకు టిక్కెలా పడింది?"

"సీటు ఎత్తేసేరు గానండీ, కంప్యూటర్లో దాని తపాళ్ల పెట్టె తియ్యలేదండి."

ఆ పెట్టె తెరిస్తే అర్జీలన్నీ అందులోనే ఉన్నాయి. గట్లు తెగినవి, తూములు పూడినవి, వరహాలమ్మ ఊరివే ఇంకొన్ని. మనిషి లేని కుర్చీ ముందు అవన్నీ వరుసలో నిలబడి ఉన్నట్టు తోచింది సత్యదుర్గకు. తప్పు తనదేనా, ఆ గుడి దీర్ఘానిదా? ఎవర్ని అడిగినా భుజాలు ఎగరేశారు. ఆమె బీరువా తెరిచి అసలు కాగితాలన్నీ ఏరి, రెండు చేతులా పట్టుకుని పైకెళ్లి మమత బల్ల మీద పెట్టింది.

దిగి వచ్చేసరికి వరహాలమ్మ బీరువా వైపు చూస్తోంది. "ఇన్నాళ్లూ నా కాగితం ఇక్కడే ఉందామ్మా, నీ పక్కనే?" వరహాలమ్మ కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"ఆయ్, ఇక్కడే ఉందండీ," అంది సత్యదుర్గ.

ఆ వారమే మమత ఆ ఊరు వెళ్లింది. బోదెలోకి పెట్టిన గొట్టం పీకించి, చెరువు యజమానికి నోటీసు ఇచ్చింది. బోరు నీళ్లు మాత్రం వెంటనే తీపి కాలేదు. రెండు వర్షాకాలాలు పడుతుందన్నారు.

కొద్ది రోజులకు పై ఆఫీసు నుంచి ఒక కవరు వచ్చింది. సత్యదుర్గ అలవాటుగా చింపి ముద్ర కొట్టింది. చదివితే అది తన మీదే. అర్జీలు దారి తప్పినందుకు తపాళ్ల సీటు వారు సంజాయిషీ ఇవ్వాలట. స్కాన్ చేసింది. పేర్లలో 'రికార్డు విభాగం' నొక్కింది. ఆమె కంప్యూటరే టింగుమంది. తాను పంపింది తనకే వచ్చింది. తీసుకున్నానని నొక్కాలా, నొక్కితే తప్పు ఒప్పుకున్నట్టా? చివరికి నొక్కింది.

జవాబు రాయడానికి ఆంజనేయప్రసాద్ సాయం చేస్తానన్నాడు. ఆమె వద్దంది. జరిగింది జరిగినట్టు సొంతంగా రాసింది: పేరు చూసి నొక్కేను, టిక్కు పడింది, రెండు పేర్లున్నాయని నాకు తెలియదు, ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. దానికి పైనుంచి ఏ జవాబూ రాలేదు. చూశారో లేదో కూడా తెలియదు.

ఒక సోమవారం పొద్దున్న చూస్తే పేర్లలో ఒక డ్రైనేజీ లేదు. తీసేసింది గుడి దీర్ఘం ఉన్నదాన్ని. మిగిలింది గుడి ఉన్నది, ఆమె ఇన్నాళ్లూ నొక్కి మాట పడినది.

"శారోన్ గారూ, తప్పుదుంచేసి ఒప్పుది తీసేసేరేటండీ?"

"ఇప్పుడిదే ఒప్పండీ. మమత మేడమ్‌ని దీనికే కలిపేరట."

సత్యదుర్గ ఆ పూట వచ్చిన తూము అర్జీని స్కాన్ చేసి అదే పేరు మీద నొక్కింది. పచ్చ టిక్కు పడింది. దాన్ని పట్టించుకోకుండా కాగితం తీసుకుని మెట్లవైపు నడిచింది.