‘వర్’ కొట్టేసి ‘వాజ్’ రాసిన పెద్దమనిషి

తొమ్మిదేళ్ల కింద, జూన్‌లో, మొయినాబాద్ దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను సీనియర్ టైపిస్టుగా ఉన్నాను. చేవెళ్ల నుంచి రోజూ బస్సులో వెళ్లేవాణ్ని. నా చదువు పదో తరగతి. ఇంగ్లీషు వ్యాకరణం మాత్రం ఒక పాత పుస్తకం కొనుక్కుని ఆ బస్సులోనే నేర్చుకున్నాను.

ఆ నెల ఫిజిక్స్ ల్యాబ్ అటెండర్ అంజయ్య మీద ముగ్గురు సభ్యుల కమిటీ విచారణ జరిపింది. బల్ల మీది స్పెక్ట్రోమీటర్ కింద పడి పగిలింది. అది అంజయ్య అజాగ్రత్తేనని, అతన్ని తీసేయాలని ఇద్దరు సభ్యులు అన్నారు. బల్ల కాలే పుచ్చిపోయింది, అతని తప్పు లేదని మూడో సభ్యురాలు సరోజ మేడం అన్నారు. ముగ్గురిదీ ఒకే మాటైతే ఉద్యోగం అక్కడికక్కడే పోతుంది. ఒక్కరు కాదన్నా ప్రిన్సిపాల్ మళ్లీ విచారించాలి. అది కాలేజీ నియమం. నివేదిక చిత్తుప్రతిలో నేను ‘ది కమిటీ వర్ డివైడెడ్’ అని టైపు చేశాను, అంటే సభ్యులకు మాట కుదరలేదని.

తీసేయాలన్న ఇద్దరిలో ఒకరైన ఇంగ్లీషు శాఖాధిపతే కమిటీకి పెద్ద. డాక్టరేటు ఉన్న మనిషి. ఆ సంగతి గది తలుపు మీద రెండు చోట్ల రాయించుకున్నారు. ఆయన ఎర్ర సిరాతో ‘వర్’ కొట్టేసి ‘వాజ్’ రాశారు.

“ఏవండీ, కమిటీ అంటే ఒకటేనండి. ఏకవచనం. ఆరో తరగతి పిల్లలకి కూడా తెలుసు.”

“ఆరో తరగతి దాక అంతే సార్. తర్వాత గూడ ఉన్నది. అందరిది ఒక్క మాటైతే వాజ్, ఎవరి మాట వాళ్లదైతే వర్. మనం మంద వచ్చింది అంటం. జనం వచ్చింది అంటమా?”

“ఇంగ్లీషులోకి మందలు తోలకండి!”

అక్కడితో ఆగినా బాగుండేది. ఒక్కటైన కమిటీ ఎలా చీలుతుందని ఆయనకే అనుమానం వచ్చింది. అందుకని ‘డివైడెడ్’ కూడా కొట్టేసి, అంజయ్యను తీసేయాలని కమిటీ అభిప్రాయపడినట్టు దిద్దారు. వ్యాకరణం కుదిరింది, సరోజ మేడం మాయమయ్యారు. కుట్ర అయితే కనీసం తెలివి ఉందనుకునేవాణ్ని. ఇది ఉట్టి పాండిత్యం.

బయట బెంచీ మీద అంజయ్య కూర్చుని ఉన్నాడు. “అన్నా, నా నౌకరి ఉంటదా?”

“వర్ ఉంటే ఉంటది.”

“వర్ ఎవలన్నా? కొత్త సారా?”

దిద్దిన కాగితం టైపు చేయడం నా పని, చేశాను. సంతకాలకు పంపేటప్పుడు చిత్తుప్రతి కూడా జత చేయాలనే నియమం ఒకటుంది. ఎవరూ పాటించరు. ఆ రోజు నేను పాటించాను. రెండు కాగితాలూ ముందు సరోజ మేడం దగ్గరికి తీసుకెళ్లాను.

ఆమె ఎర్ర సిరా చూసి, “నేనెప్పుడు ఒప్పుకున్న? అడుగకుండనే నన్ను అండ్ల కలిపిన్రా?” అన్నారు. సంతకం పెట్టలేదు. తన అసమ్మతిని వేరే కాగితం మీద రాసి ఇచ్చారు.

ప్రిన్సిపాల్ స్వయంగా ల్యాబుకు వెళ్లి ఆ బల్ల మీద చెయ్యి వేశారు. బల్ల ఊగింది. అంజయ్య ఉద్యోగం నిలిచింది. శాఖాధిపతి గారు మాత్రం నేను రిటైరయ్యే దాకా ‘కమిటీ వాజ్’ అనే బోధించారు. పిల్లలు అదే రాసి పాసయ్యారు.

నేను ఒక్క పద్ధతి పెట్టుకున్నాను. కమిటీ పక్కన క్రియ టైపు చేసే ముందు, సభ్యులను ఒక్కొక్కరినీ అడిగేవాణ్ని.