చెట్టుకు పొగ అలవాటు చేయబోయిన సంగతి

రిటైర్మెంటుకు ముందటి ఏడాది, ఎండాకాలం మొదట్లో నాకు కొడిమ్యాల సెక్షన్ ఇచ్చారు. హోదా డిప్యూటీ రేంజ్ ఆఫీసర్. అంటే రేంజర్ సంతకం పెట్టబోయే మాట నిజమో కాదో ఎండలో నడిచి చూసొచ్చేవాడు. వెళ్లీ వెళ్లగానే పై ఆఫీసు నుంచి పని తగిలింది. సిరిసిల్లలోని ఒక సైజింగ్ యూనిట్ తన ఖర్చుతో మొక్కలు నాటుతుందట, దానికొక 'బ్లాంక్' చూపాలి. మా అటవీ శాఖ భాషలో బ్లాంక్ అంటే అడవి హద్దులో ఉండీ చెట్టు లేని జాగా. దొరకడం కష్టం కాదు. మా శాఖ చాలాకాలంగా పనిచేస్తోంది.

సైజింగ్ అంటే మగ్గానికెక్కే ముందు పడుగు నూలుకు గంజి పట్టించి ఆరబెట్టడం. దానికి ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్, బాయిలర్‌కు కట్టె. యజమాని అన్వర్ భాయ్ మర్యాదస్తుడు. పొగకు బదులుగా చెట్లు చూపిస్తేనే పూర్తి ఆర్డరని బట్ట కొనే కంపెనీవాళ్లు ఆయనకు చెప్పారు.

"సాబ్, చెట్లు పొగ తాగుతయంట గదా. జర గట్టిగ తాగేటియి చూసిపెట్టుండ్రి" అన్నాడు.

పొగ తాగడం గురించి నేను చదివిన హెచ్చరికలన్నీ మనుషులకు సంబంధించినవే కాబట్టి, చూస్తానన్నాను.

నాటాలనుకున్నది నీలగిరి, తొందరగా పెరుగుతుంది. ముందు జేసీబీతో పొదలు పీకి, లోతుగా దున్ని, వరుసల్లో గుంతలు తీయాలి. మ్యాపులో తెల్లగా కనిపించిన చోటికి వెళ్తే అక్కడ మోకాలెత్తు తునికి పొదలు, వాటి మధ్య ఆకు తెంపుతూ రాజవ్వ అనే ముసలామె. తునికాకు బీడీలు చుట్టే ఆకు. ఇక్కడ తెంపింది కోరుట్ల బీడీ కంపెనీల దాకా పోతుంది. ఏటా పాత కొమ్మ కొడితేనే లేత చిగురొస్తుంది. అందుకని మంచి తునికి ఎప్పుడూ చెట్టులా కనిపించదు, మా మ్యాపులో అసలే కనిపించదు.

"ఏంది సారూ, గీడ ఏం లేదన్నరట? మరి నేనేమన్న గాలి తెంపుతున్ననా?" అంది రాజవ్వ.

పొగ సంగతి చెప్పాను. నవ్వింది. "మా ముసలోడు బీడీ తాగితె ఇడిసిపెట్టుమంటరు. పాలు తాగే మొక్కకేమో మీరే అలవాటు జేస్తరా?"

తర్వాత నవ్వు ఆపి అడిగింది: "ఇవి పీకితే గీ ఎండాకాలం నేనేం తెంపాలె? ఎట్ల బతకాలె?"

మర్నాడు సిరిసిల్లలో అన్వర్ భాయ్ యూనిట్‌కు వెళ్లాను. బాయిలర్ ముందు కట్టె పేర్చి ఉంది. ఏం కట్టె అని అడిగాను.

"నీలగిరి సాబ్. ప్లాంటేషన్ మాల్. మస్తు మండుతది."

చెట్టు తాగింది కట్టెగా దాచుకుంటుందనీ, కట్టె కాలిస్తే అదంతా మళ్లీ గాలిలోకేననీ చెప్పాను. మొక్క పెరిగేదాకా తాగేది కొంచెమే. ఈలోగా తునికి పీకి దున్నితే వేళ్లలో, మట్టిలో దాగినది ముందే బయటపడుతుంది.

"అంటే నా పొగ తాగిన చెట్టు మల్ల నా బాయిలర్‌లకే అస్తదా?" అన్నాడాయన.

రావచ్చన్నాను, పెద్ద దూరం కాదు కదా. అప్పుడు మా నెత్తిన ఒక పైపు బుస్సుమంది. అతుకు దగ్గర ఆవిరి పోతోంది.

"అది శాన దినాలసంది గట్లనే" అన్నాడు తేలిగ్గా. ఆ ఆవిరి కూడా కట్టె కాలిస్తేనే వచ్చిందని గుర్తు చేశాను.

స్థలం బ్లాంక్ కాదు, తునికి ఉంది అని రిపోర్టు ఇచ్చాను. మొక్కలు వద్దన్న ఫారెస్టువాణ్ణి మొదటిసారి చూస్తున్నానని రేంజర్ అన్నారు గానీ, పైకి పంపారు. అన్వర్ భాయ్ లీకులు బాగుచేయించి, వేడి పోకుండా పైపులకు తొడుగు వేయించాడు. కట్టె వాడకం తగ్గింది. కంపెనీకి చూపడానికి చెట్లు లేక ఆర్డర్ కూడా కొంత తగ్గింది. మూసిన లీకు ఫొటోలో పచ్చగా పడదు. రాజవ్వ ఆ ఎండాకాలం ఆకు తెంపింది.

ఆ పనిలో నేను నేర్చుకున్నది కొద్దిగానే. మొక్క నాటే ముందు అక్కడ ఇప్పటికే ఏముందో చూడాలి. అంతకంటే ముందు పొయ్యిలో కట్టె తగ్గించాలి. చెట్టు పొగ తాగే మాట నిజమే. తన ఆకలి మేరకు, తన తీరిక మేరకు తాగుతుంది. మన ఆర్డర్ల సంగతి దానికి తెలియదు.