మా వదిన కట్టిన కోళ్లగూడు

పోయిన వారం మా పై అంతస్తు కుర్రాడు డాబా మీద పెట్టుకోడానికి కోళ్లగూడు తెప్పించుకున్నాడు. అట్టపెట్టెలో విడిభాగాలు, ప్లాస్టిక్ సంచిలో మరలు, ఎర్ర పెంకుల్లా రంగు వేసిన కప్పు. తెలుగువాళ్ల పిల్లాడే, మాట మాత్రం హిందీ. "ఆంటీ, దేఖియే నా" అంటూ బిగించే విధానం ఉన్న కాగితం నా చేతిలో పెట్టాడు. నేను కాగితం చూడకుండా, గూటి అడుగున పలకల మధ్య బొటనవేలంత సందు లేకపోతే రెట్ట ఎలా రాలుతుందని అడిగాను. ఈ ముసలావిడకి ఇవన్నీ ఎలా తెలుసా అన్నట్టు చూశాడు. మా వదిన దగ్గర నేర్చుకున్నానని చెప్పి కిందికి దిగి వచ్చేశాను గానీ, ఆ రోజంతా ఆవిడే కళ్లముందు మెదిలింది.

నేను పెళ్లయి జంషెడ్‌పూర్ వచ్చింది డెబ్బైల చివర్లో. గోల్‌మురిలో ఒంటిగది క్వార్టరు, వెనక గోడ కట్టిన చిన్న పెరడు. వచ్చిన ఏడాదికే మా ఆయన అక్కగారు టెక్కలి దగ్గరి అత్తవారింటి నుంచి ఒక ట్రంకుపెట్టెతో మా గుమ్మంలో దిగింది. పిల్లలు పుట్టలేదని ఆవిడ భర్త రెండో పెళ్లి చేసుకున్నాడు. ఏడిస్తే ఓదార్చాలని నేను టీ గ్లాసు పట్టుకుని ఆవిడ చుట్టూ తిరిగాను. ఆవిడ ఏడవలేదు. టీ తాగేసి, పెరడంతా ఒకసారి కలయచూసి, "ఇక్కడ కోళ్లు పెంచుదుమే" అంది. ఎందుకు వదినా అంటే, "తమ్ముడి కూడు ఎన్నాళ్లు తింతాను? నా కూడు నాను తినాల" అంది.

మొదట్లో గూడూ గీడూ ఏమీ లేదు. కోడిపెట్టల మీద వెదురుగంప బోర్లించి, పైన రాయి పెట్టేవాళ్లం. ఒకరోజు పొద్దున్న లేచి చూస్తే గంప కింద ముంగిస తవ్విన బొరియ, పెరడంతా ఈకలు. మా ఆయన డ్యూటీకి బయల్దేరబోతూ ఆగి, అక్కతో "ఒదిలీయే అప్పా. నీకిక్కడ ఏటి లోటు సేసేను?" అన్నాడు బాధగా. "నువ్వేటీ సెయ్యలేదురా. ముంగిస సేసింది. దాని సంగతి నాను సూత్తాను" అంది వదిన.

ఆ మధ్యాహ్నమే బొగ్గుముక్కతో గోడ మీద గూడు బొమ్మ వేసింది. నాలుగు కాళ్ల మీద నిలబడ్డ ఆ బొమ్మ నాకు రథంలా కనిపించి నవ్వాను. కాళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయంటే లోపలికి వెళ్లి, తమ్ముడు తనకోసం కొన్న ఇనపమంచాన్ని ఈడ్చుకొచ్చింది. ఆ రోజు నుంచి ఆవిడ పడక చాప మీదే. పర్సుడీహ్‌లో పాతసామాన్ల కొట్టు నుంచి పాకింగు పెట్టెల పలకలు కొన్నాం. మా ఆయన వాటిని సైకిలుకి కట్టి నడిపించుకొస్తుంటే, దారి పొడుగునా ఓడ కడుతున్నావా అని అడిగారట. నవారు ఉండాల్సిన చోట పలకలు సందు వదిలి తీగతో బిగించాం. తలవైపు, కాళ్లవైపు కమ్మీలకి నిలువు పలకలు కట్టి, వాటికి అడ్డపలకలు కొట్టాం. నూనె డబ్బాలు కోసి, సాగగొట్టి, ఒకదాని మీద ఒకటి ఎక్కేలా ఏటవాలుగా కప్పు వేశాం. పాత గిన్నెల అలమర జాలీ తలుపు గూటికి తలుపైంది. దాన్ని వేలాడదీసింది సైకిలు ట్యూబు ముక్కలతో. నా వేళ్లు ఎన్నిసార్లు తెగాయో! వదిన పసుపు అద్ది మళ్లీ సుత్తి చేతికిచ్చేది.

చివరికి గుడ్లు పెట్టే చోటు మిగిలింది. వదిన తన ట్రంకుపెట్టెలోని చీరలు తీసి నా పెట్టెలో సర్దింది. ఖాళీ పెట్టెని గూటి తలుపు దగ్గర పక్కకి పడుకోబెట్టి గడ్డి పరిచింది. దాని మూత మీద ఆవిడ భర్త ఇంటిపేరూ పేరూ తెల్లరంగుతో పెద్దక్షరాల్లో రాసి ఉన్నాయి. "వదినా, పెళ్లిపెట్టె కదా!" అన్నాను. "మరేటి సెయ్యమంతావు, పూజ సెయ్యనా?" అంది. సగం తెరిచిన మూతని అక్షరాలు పైకి కనిపించేలాగే బిగించింది.

ముంగిస మళ్లీ వచ్చింది, గూటి కింద తిరిగి తిరిగి పోయింది. కోళ్లు పెరిగాయి. పుంజు కూతకి నిద్ర చెడుతోందని విసుక్కున్న ఇరుగుపొరుగులే గిన్నెలు పట్టుకుని గుడ్ల కోసం వచ్చేవారు.

ఒక చలికాలం ఉదయం వదిన పెదమామగారు చెప్పాపెట్టకుండా టాటానగర్ స్టేషన్ నుంచి రిక్షాలో దిగాడు. వదిన మరిది భార్యకి కాన్పయిందట, వదిన భర్త రెండో భార్యకి ఇంకా పిల్లలే లేరట, పొలం పనీ ఇంటిపనీ ఆవిడ ఒక్కత్తివల్ల కావడం లేదట. పెరట్లో ఎండలో పీట మీద కూర్చుని, "అయ్యిందేదో అయిపోనాది. పెద్దకోడలివి, నీ ఇంటికి నువ్వు రాకపోతే ఎలాగమ్మా?" అన్నాడు. మా ఆయన తలొంచుకుని నేలకేసి చూస్తున్నాడు. పెద్దవాళ్ల మాట కాదనే అలవాటు ఆయనకి లేదు. సరే అంటాడేమోనని నాకు భయం.

అంతలో ఒక పెట్ట కొక్కొక్కో అంటూ ట్రంకుపెట్టెలోంచి దూకింది. పెద్దాయన అటు చూశాడు. మూత మీది అక్షరాలు కూడబలుక్కుని, "ఇది మావోడి పేరు కాదేటి? కోళ్లకేసీసేవేటే?" అని లేచాడు.

వదిన ఆ పెట్టెలో చెయ్యి పెట్టి, అప్పుడే పెట్టిన గుడ్డు తీసి ఆయన అరచేతిలో ఉంచింది. "అవును మావయ్యా. ఆ పేరు కింద ఇన్నాళ్లకి ఏదో పుట్టింది. ఊళ్లో అందరికీ సెప్పు" అంది. గొంతు పెంచలేదు. "గొడ్రాలని నన్ను బయటెట్టేరు. ఇప్పుడు మీకు పనిమడిసి కావలసొచ్చింది. నానెల్లను. నాకిక్కడ పనుంది."

పెద్దాయన మా ఆయన వైపు తిరిగాడు. మా ఆయన అప్పటికి తలెత్తాడు. "అప్ప రాదు మావయ్యా. సాయంత్రం బండికి మీకొక్కరికే టిక్కెట్టు తీత్తాను" అన్నాడు. పెళ్లయ్యాక ఆయన్ని చూసి నేను గర్వపడ్డ మొదటి రోజది.

మధ్యాహ్నం భోజనానికి వదిన కోడిగుడ్ల పులుసు పెట్టింది. పెద్దాయన ముఖం మాడ్చుకునే కూర్చున్నాడు గానీ, పులుసు మాత్రం రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

తర్వాత వదిన పర్సుడీహ్‌లో గది అద్దెకి తీసుకుని, బజారులో కోళ్లూ గుడ్లూ అమ్మింది. భర్త జబ్బుపడ్డాడని ఒకసారి, మరిది కూతురి పెళ్లని ఒకసారి, రమ్మని కబుర్లు వస్తూనే ఉన్నాయి. మా ఆయనా నేనూ ఎంతో కొంత మెత్తబడ్డాం, పోనీ ఒకసారి వెళ్లి రారాదా అని కూడా అన్నాం. ఆవిడ ఆ బజారు వదిలి కదల్లేదు. ఏళ్లే ఆవిడ పక్కనుంచి తప్పుకుని వెళ్లిపోయాయి.