రెండు దరువుల రోజు

మహబూబాబాద్‌లో నేను పనిచేసే బడి నోటీసు బోర్డు మీద "చరిత్రలో ఈ రోజు" రాయించడం నా పని. ఏ రాజు ఎప్పుడు గద్దెనెక్కాడో, ఏ యుద్ధం ఎప్పుడు ముగిసిందో, ఎవరు పుట్టారో, ఎవరు పోయారో పిల్లలు వెతుక్కొచ్చి రాస్తారు. ఒకే తారీఖు కింద పుట్టుకలూ చావులూ పక్కపక్కనే ఉంటాయి. జూన్ రెండు మాత్రం సెలవుల్లో వస్తుంది. జెండా ఎగరేయడానికి వెళ్లిన రోజు "రాష్ట్ర అవతరణ" అని నేనే రాస్తాను. మా బాపు దినం కూడా అదే. అది ఏ బోర్డు మీదా ఎక్కదు.

అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేవాళ్లం. బాపు రఘునాథపల్లి దగ్గరి పల్లెలో రైతు. తెలంగాణ ఉద్యమం మొదలయ్యాక చేనులో కన్నా రోడ్డు మీదే ఎక్కువ కనిపించేవాడు. ఇంట్లో పొయ్యి మొహం చూడని మనిషి, రోడ్డు మీద వంటావార్పు రోజున పెద్ద గంటె పట్టుకుని అన్నం కలుపుతుంటే అవ్వ నోరెళ్లబెట్టింది.

"ఇంట్ల చెంబెడు నీళ్లు ముంచుకొని తాగడు గని, ఊరందరికి వండుతడట!" అని వారం పాటు ఎత్తిపొడిచింది.

రైళ్లు ఆపిన రోజు పట్టాల మీద డప్పులాయన పక్కన కూర్చుని, దరువు సాగినంతసేపూ చప్పట్లు కొడుతూనే ఉన్నాడట. ఇంటికి వచ్చాక అరచేతులు వాచిపోయాయి. అవ్వ తిట్టుకుంటూనే నూనె రాసింది.

తర్వాత ఊపిరితిత్తులు చెడిపోయాయి. జనగామ దవాఖానలో ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మంచం పట్టిన మనిషి అడిగేది ఒక్కటే. "ఇంకెన్ని దినాలున్నయి బిడ్డా?" తన దినాల సంగతి కాదు, రాష్ట్రం వచ్చే రోజు సంగతి. "గది సూశినంక పోత. గప్పటిదాక ఆగుత," అనేవాడు. దేవుడికి ఎన్నడూ సరిగ్గా దండం పెట్టని నేను కూడా మొక్కుకున్నాను. బతికించమని కాదు, ఆ పొద్దు చూపించమని. మా ఇంట్లో అందరి కోరికా అదొక్కటే.

మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. ఎవరింట్లోనైనా శవం ఉంటే అది వాడ దాటేదాకా చుట్టుపక్కల పొయ్యి వెలగదు, సంబురం జరగదు. ఒక ఏడు సద్దుల బతుకమ్మ నాడు మా వెనకింటి ముసలామె పోయింది. పొద్దంతా కూర్చుని పేర్చిన బతుకమ్మలను ఆడకుండా, పాడకుండా అలాగే నీళ్లలో వదిలేశాం. నేను ఏడ్చి గోల చేస్తే, "చచ్చినోళ్ల ముంగట ఎవలన్న ఆడుతరా?" అని అవ్వ వీపు మీద ఒక్కటేసింది.

ఇక ఆ జూన్ రెండు. తెల్లవారుతుండగా ఫోన్ వచ్చింది. నేను మహబూబాబాద్ నుంచి వెళ్లేసరికి బాపును వాకిట్లో పడుకోబెట్టారు. అవ్వ తలాపున కూర్చుంది. అన్న భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసేవాడు. తలకొరివి పెట్టాల్సింది వాడే. దారిలో ప్రతి చౌరస్తాలో ఊరేగింపే. బండి ఆపి, "జై తెలంగాణ అను అన్నా!" అని మొహానికి గులాల్ పూశారట. మా నాయిన చనిపోయాడని ఎంతమందికని చెబుతాడు? వాడు ఆ గులాబీ రంగు మొహంతోనే వచ్చి బాపు కాళ్ల మీద పడ్డాడు. ఆ రంగు మీద కన్నీళ్లు చారలు కట్టడం ఇప్పటికీ కళ్ల ముందు నుంచి పోదు.

వచ్చినవాళ్లంతా అడిగింది ఒకటే. "తెలంగాణ సూశిండా అవ్వా?"

"సూశిండు," అని అవ్వ అందరికీ చెప్పింది. "పటాకులు గాలుతుంటె చెవుల జెప్పిన, వచ్చింది అని. తెల్లారంగ పోయిండు."

ఆ మాటే మాకు ఆసరా అయింది. మొక్కు ఫలించిందనుకున్నాను.

స్నానం పోయించేటప్పుడు మా చిన్నమ్మ, "గిప్పుడే గింత బిర్రబిగిసిండేంది?" అంది. అవ్వ వినిపించుకోనట్టు చెంబు అందుకుంది.

డప్పులవాళ్లు ఊరేగింపు నుంచి నేరుగా వచ్చారు. రాత్రంతా కొట్టిన చేతులు. గడ్డి మంట మీద డప్పులు కాచుకుని చావు దరువు ఎత్తుకున్నారు. పాడె నాలుగడుగులు వేసిందో లేదో, పట్టాల మీద బాపు పక్కన కూర్చున్న ఆ పెద్దాయన చేతులే ఉద్యమం దరువులోకి జారిపోయాయి. మిగతావాళ్లూ అందుకున్నారు. ఎవరో ఆడమనిషి, "అయ్యో, గిదేం కొట్టుడు!" అంది. ఆయన ఉలిక్కిపడి ఆపేసి, పుల్లలు కింద పడేసి, అవ్వ ముందు చేతులు జోడించాడు.

"ఆపకు," అంది అవ్వ. "గదే కొట్టు. ఆయినెకు గదే ఇష్టం."

శ్మశానం దాకా అదే కొట్టారు. డప్పులాయన ఏడుస్తూ కొట్టాడు. నేను కూడా అంతసేపూ ఏడుస్తూనే నడిచాను.

అయ్యగారు పంచాంగం చూసి తిథి లెక్కగట్టి చెప్పారు. ఏటా ఆ తిథికి అన్న తద్దినం పెట్టేవాడు. జూన్ రెండున అవ్వ పంచాయతీ దగ్గర జెండా చూసి, ఇచ్చిన లడ్డూ తెచ్చి బాపు ఫోటో ముందు పెట్టేది. దానికి ముందు రోజు మాత్రం ఏమీ తినేది కాదు. అడిగితే కడుపులో బాగాలేదనేది.

కొన్నేళ్లకు ఒక జూన్ ఒకటిన నేను ఊళ్లో ఉన్నాను. అవ్వ మళ్లీ తినలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

"రేపు బాపు దినం పెట్టుకొని ఇయ్యాల గిట్ల పండుకుంటవేంది? లేచి తిను," అని అరిచాను.

"ఇయ్యాల్నే బిడ్డా," అంది.

"ఏంది ఇయ్యాల?"

"మీ బాపు పోయింది. దీపం పెట్టి వచ్చి సూశేటాలకు పాణం లేదు."

అవ్వ గోడకు ఆనుకుని, చెంగు సర్దుకుని చెప్పింది. "బయట పోరగాండ్లు తోరణాలు గడుతుండ్రు. డప్పులు కాగబెడుతుండ్రు. నేనొక్క కేకేస్తె ఊరంత పొయ్యార్పుకొని కూసుందురు. ఇన్నేండ్లు గా పండుగ కోసమే రోడ్ల మీద కూసున్నడు. గది ఆయిన సావుతోనే ఆగాల్నా? ఇంకోటి, రాష్ట్రం రాకముందే పోయిండంటరు. అననియ్యద్దనుకున్న. తెలంగాణల సచ్చిండు అనాలె."

తలుపు దగ్గరికి వేసి, ఆ రాత్రంతా ఆయన పక్కన ఒక్కతే కూర్చుందట. ఏడుపు బయటికి వినపడకుండా చెంగు నోట్లో కుక్కుకుందట.

"మరి పటాకులు గాలుతుంటె చెవుల జెప్పిన అన్నవు?"

"జెప్పిన. గది అబద్దం గాదు. వచ్చింది లేవయ్యా అని జెప్పిన."

ఆమెను పట్టుకుని నేను ఏడ్చినంత ఏడుపు బాపు పోయిన రోజు కూడా ఏడవలేదు. "అన్నకు జెప్పకు, తిథి తప్పిందని బెంగటిల్లుతడు," అంది చివరికి. చెప్పలేదు.

అవ్వ కూడా పోయింది. జూన్ రెండున బోర్డు మీద అందరికీ తెలిసిందే రాస్తున్నాను. మొన్న జూన్ ఒకటిన మా అమ్మాయి కంచం ముందు పెట్టి, ఎందుకు తినడం లేదని అడిగింది.

కడుపులో బాగాలేదన్నాను.